తొమ్మిదో అక్షరం

అక్షరానికి పన్నెండు యూరోలు.
ఎజిస్తో తన కొట్టు గోడమీద బొగ్గుతో రాసిపెట్టాడు,
బేరాల్లేవని కూడా.

నన్ను పిలిపించింది లెక్కకి కాదు, మాటకి.
కరారాలో ముప్ఫయ్యొక్క ఏళ్లు లాటిన్ చెప్పినవాణ్ణి.
బళ్లో ఎవరికీ పట్టని చదువు
సమాధిరాళ్ల దగ్గర అవసరపడుతుంది.

దెల్ఫీనా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
నల్లబట్టలు వేసుకోలేదు.
"ఆయన పేరు కింద ఒక్క మాట చాలు.
కన్నీళ్ల మాట. లాటిన్‌లో.
మరీ పొడుగైంది వద్దు."

లక్రిమోసుస్, అన్నాను.
అంటే కన్నీళ్లు నిండినది.
ఏడ్చేవాడూ లక్రిమోసుసే,
ఏడిపించేదీ లక్రిమోసుసే:
పచ్చికట్టెల పొగ, తరిగిన ఉల్లిపాయ,
పిల్లల్ని తిరిగి పంపని యుద్ధం.
మార్చిలో ద్రాక్షతీగ కత్తిరిస్తే
కోసినచోట బొట్టుబొట్టుగా కారుతుందే,
దాన్నీ అనొచ్చు.
లోపల దుఃఖం ఉండి తీరాలని లేదు.
నీళ్లూరితే చాలు,
ఎందుకూ అని ఈ మాట అడగదు.

దెల్ఫీనా నవ్వింది.
"అయితే ఆయనదే ఈ మాట.
నలభై ఏళ్లు క్వారీలో రంపం కింద నిలబడ్డాడు.
కళ్లు ఎప్పుడూ ఎర్రగా, తడిగా.
మా పెళ్లిఫోటోలో చేతిరుమాలుతో ఆయనే ఉంటాడు, నేను కాదు.
ఎంత మెత్తని మనిషో అనుకున్నారు ఊరంతా.
పొద్దున లేచేసరికి దిండు తడి.
ఏం కలొచ్చిందని కొత్తలో అడిగేదాన్ని.
పిండి, అనేవాడు. రాతిపిండి."

కాసేపాగి,
"నేను ఏడవను.
మా అమ్మ పోయినప్పుడూ ఏడవలేదు, మొన్నా ఏడవలేదు.
నన్ను రాయి అంటారు వెనకాల.
ఈ ఊళ్లో అదేం తిట్టు?"

ఎజిస్తో చెవిమీది పెన్సిల్ తీశాడు.
పది అక్షరాలు, నూట ఇరవై.
"తగ్గదా?"
ఆడమనిషి గురించైతే చివర మారుతుంది, లక్రిమోసా,
ఒకటి తగ్గుతుంది, అన్నాను.
అని, నాలిక్కరుచుకున్నాను.
ఆమెకేం పట్టలేదు.
"మరి ఇద్దరి గురించైతే?"

లక్రిమోసి. తొమ్మిదే.
ఆడా మగా కలిసుంటే
లాటిన్ ఇద్దర్నీ మగవాళ్లలో కలిపేస్తుంది.

"పెళ్లిలాగే," అంది దెల్ఫీనా.

వాన మొదలైంది. కొట్టు ముందు ఎవరో స్కూటర్ ఆపారు.
చాలాసేపు ఆ స్కూటర్నే చూసి అంది,
"ఏడిపించేది అన్నారు చూడండి, రెండో అర్థం.
అది నేను.
మొదటిది ఆయన ఉంచుకుంటాడు.
ఎనిమిది చెక్కండి ఇప్పటికి.
తొమ్మిదోది నేనొచ్చాక."

తొంభయ్యారు చాలన్నాడు ఎజిస్తో.
నూట ఎనిమిది లెక్కపెట్టి బల్లమీద ఉంచి
గొడుగు లేకుండానే వెళ్లిపోయింది.

ఉబాల్దో రాయి అక్టోబరులో నిలబెట్టారు.
లక్రిమోస్, ఆ పక్కన ఖాళీ.
డబ్బు చాల్లేదన్నారు కొందరు.
ముసలాడికి నిద్రొచ్చిందన్నారు.
తప్పు దిద్దమని చర్చి నుంచి చీటీ వచ్చింది,
దాన్ని పెన్సిల్ చెక్కుకోడానికి పరిచాడు ఎజిస్తో.
అతని పద్దుపుస్తకంలో మాత్రం ఒక వరస ఉంది:
బాకీ, ఒక అక్షరం. సొమ్ము ముట్టింది.

ఎజిస్తోకి డెబ్భై తొమ్మిది.
ఎడమకంట్లో పొర.
దెల్ఫీనా నిక్షేపంగా ఉంది,
మెట్లదారిలో నన్ను దాటేసి పోతుంది.

అందుకని సాయంత్రాలు
పనికిరాని చలువరాతి ముక్కలు ముందేసుకుని
మనవరాలు ఇలారియా చేత
ఆ ఒక్క అక్షరమే చెక్కిస్తున్నాడు.
తేలికే, ఒక్క నిలువు గీత.
కానీ పైనా కిందా
ఉలి ఎక్కడ ఆగాలో తెలియాలి.
పెరటినిండా గీతలు.

నిన్న వెళ్లేసరికి ఆ పిల్ల
మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది.
ఏమైందమ్మా అన్నాను.
పిండి, అంది.